ఘాట్ మీది ఐదు రాళ్లు

మా ఊళ్లో సైకిల్ మీద వచ్చేవాళ్లు మా ఇంటి ముందుకు రాగానే దిగేవాళ్లు. మాది దొరల ఇల్లు, దాన్ని గడి అనేవాళ్లు. గడి గోడ మొదలైన చోట దిగి, సైకిల్‌ను నడిపించుకుంటూ పోయి, గోడ అయిపోయాక మళ్లీ ఎక్కేవాళ్లు. నేను చాలా చిన్నవాణ్ని. అరుగు మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉండేవాణ్ని. తొక్కకుండా నడిపించే సైకిల్ వెనుక చక్రం టికటికమంటుంది. మధ్యాహ్నం పూట ఆ చప్పుడు దూరం నుంచి మొదలై, గోడ పొడవునా సాగి, మెల్లగా మాయమయ్యేది. అది మాకు చేసే మర్యాద అని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేకపోయింది. మా నాన్నను బాపు అనేవాణ్ని; ఆయన మాత్రం ఒక మాట అంటుండేవాడు: "మనం ఎవ్వని ముంగట దిగద్దు."

నాకు మీసాలు వచ్చేసరికి గోడ సగం కూలింది. భూములు పోయాయి, బాపు పోయాడు. జనం గంట కొట్టుకుంటూ మా ఇంటి ముందు నుంచే తొక్కుకుంటూ పోతున్నారు. అరవైతొమ్మిది గొడవల్లో కాలేజీలు మూతపడి నాకొక ఏడాది వృథా అయింది. ఆ తర్వాత ఎట్లాగో చదువు ముగించి, పంతులు ఉద్యోగం సంపాదించాను. జమ్మికుంట దగ్గరి మావూరి నుంచి ఎక్కడో ఆదిలాబాద్ జిల్లాలో బోథ్‌కు వేశారు. బోథ్‌లో అద్దె గది. బడి మాత్రం కొండ మీద గూడెంలో. బాపు నల్ల సైకిల్ ఒక్కటే నాతో వచ్చింది. దాని సీటు చాలా ఎత్తు. నేను సైకిల్ తొక్కేటప్పుడు కూడా వెన్ను వంచను. ఎదురుగాలిలో అది కష్టమే, అయినా వంచను.

బోథ్ దాటాక కొంత దూరం పత్తి చేలు, జొన్న చేలు. ఆపైన ఘాట్. ఎర్రమట్టి దారి, వాన నీళ్లు కోసిన చాళ్లు, మధ్యలో గుండ్రాళ్లు. ఆ ఎక్కుడు మీద అందరూ దిగి నెట్టుకుంటూ పోతారు. నేను కాలు కింద పెట్టకుండా ఎక్కాలనుకున్నాను. మొదటి పది రోజులు సాధ్యం కాలేదు. ఎవరి కంటా పడకూడదని అంతకాలమూ తెల్లవారకముందే బయలుదేరి, చీకటి పడ్డాకే తిరిగి వచ్చాను. పదకొండో రోజు ఎక్కాను. పైకి చేరేసరికి చెవుల్లో నా గుండె తప్ప మరే చప్పుడూ లేదు. ఎదుట చదునైన దారి, రెండు పక్కలా టేకు చెట్లు, వాటి మధ్య పాలలాంటి మంచు. చక్రాలు నేలను తాకుతున్నాయో లేదో తెలియలేదు. ఆ మంచులో దారి పక్కన ఐదుగురు మనుషులు గొంగళ్లు కప్పుకుని కూర్చున్నట్టు కనిపించింది. దగ్గరికి వస్తే రాళ్లు. నిలువుగా పాతిన ఐదు రాళ్లు, ఒక్కొక్కటి ఒక్కో ఎత్తు. ఏవో పాత సరిహద్దు రాళ్లనుకుని దాటిపోయాను.

ఆ రోజే, ఆ టేకు చెట్ల దగ్గరే, ఎదురుగా పాలక్యాన్లతో వస్తున్న ఇద్దరు మనుషులు నేను దగ్గరికి రాకముందే సైకిళ్లు దిగారు. దిగి పక్కకు జరిగి నడిచారు. టికటిక. ఆ చప్పుడు విని ఎన్నేళ్లయిందో! నేను తల కొద్దిగా ఊపి ముందుకు పోయాను. మరునాడు ఒక బండివాడు నన్ను చూసి బండి మీది నుంచి దూకి ఎడ్ల పక్కన నడిచాడు. ఆ తర్వాత సైకిల్ మీద కట్టెల మోపు వేసుకున్న ముసలాయన. ప్రతిరోజూ ఎవరో ఒకరు.

అక్కడ నన్నెవరూ ఎరగరు. నా ఇంటిపేరు ఎవరికీ తెలియదు. అయినా దిగుతున్నారు. మనిషి కూర్చున్న తీరులోనే వంశం తెలిసిపోతుందని నిశ్చయించుకున్నాను. కరీంనగర్‌లో ఉన్న మా అక్కకు ఉత్తరం రాశాను, ఇక్కడివాళ్లకు ఇంకా మర్యాద తెలుసునని.

బడిలోనూ అంతే. నేను పోగానే ఎవరో మంచం తెచ్చి వేసేవాళ్లు. వేడినీళ్లు తెచ్చేవాళ్లు. పెద్ద సారు, అంటే మా హెడ్మాస్టరు, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. సిరిసిల్ల వైపు నేతపనివాళ్ల ఇంట్లో పుట్టినవాడు. గూడెంలోనే ఉండేవాడు. ఆయనకు మంచం వేయరు. ఆయన గడప మీద కూర్చుని నా మంచం వైపు చూసి మీసాల్లో నవ్వేవాడు. అసూయ అనుకున్నాను.

వానలు వెళ్లాయి. పత్తి పగిలింది. ఘాట్ దిగేటప్పుడు చూస్తే కింద చేలన్నీ తెల్లగా, మబ్బులు నేల మీదే నిలిచిపోయినట్టు ఉండేవి. ఆ నెలల్లో నేను కొండ మీదే కాదు, కాలంలో కూడా వెనక్కి ఎక్కుతున్నట్టు ఉండేది. చలికాలం రాగానే ఒక మధ్యాహ్నం జొన్నరొట్టె తింటూ పెద్ద సారు అడిగాడు.

"ఏం దొరా, కాలు ఎట్లున్నది?"

"నా కాలుకేమైంది?"

"ఊరంత ఫికర్ చేస్తున్నరు. మొన్న ఒకామె నూనె గూడ ఇచ్చింది, చిన్న సారు కాలుకు రుద్దుమని. నేనే వాడుకున్న, నా మోకాలికి. మంచిగ పనిజేసింది."

"నాకు కాలు నొప్పని ఎవలన్నరు?"

"ఎవలనుడేంది? ఐదు రాళ్ల కాడ నువ్వు దిగవు గదా. దిగితె మళ్ల ఎక్కరాదేమో, పాపం అనుకున్నరు. గందుకే మంచం ఏస్తున్నరు."

"వాళ్లు నన్ను చూసి దిగుతున్నరు గదా?" అన్నాను. అనకుండా ఉండవలసింది.

ఆయన నోట్లో రొట్టె నమలడం ఆపాడు. "నిన్ను చూసా?" అని, పొలమారేదాకా నవ్వాడు. నీళ్లు తాగి నా ముఖం చూశాక నవ్వు ఆపేశాడు.

"జర్మన్ లడాయికి గీ గూడెం నుంచి ఐదుగురు పోయిండ్రయ్యా," అన్నాడు మెల్లగా. "బర్మ దిక్కు తీస్కపోయిండ్రట. ఒక్కడు రాలే. పీనుగులు రాలే, బట్టలు గూడ రాలే. దినాలు జేద్దమంటే ముంగట ఏం పెట్టుకొని జెయ్యాలె? ఐదిండ్లోళ్లు ఎవని చేను గట్టు రాయి వాళ్లు తెచ్చి, పిలగాండ్లు ఆఖరుసారి కనవడ్డ కాడ పాతిండ్రు. గా టేకు చెట్ల నడుమ ఎవ్వలు ఎక్కి పోరు. బండైనా దిగుడే, సైకిలైనా దిగుడే. వాళ్లు నడిచిపోయిన తొవ్వ గదా."

"మరి నాకు ఎవ్వలు చెప్పలే?"

"నువ్వు అడిగినవా? పైగ తల ఊపుకుంట పోతుంటివి. దిగరాక పాపం, సైకిల్ మీద కూసునే రాళ్లకు మొక్కుతుండనుకున్నరు."

ఆ సాయంత్రం నేను ఘాట్ దారిన రాలేదు. మరునాడు కూడా పోలేదు. వారం రోజులు అడవిలోంచి మేకల దారి పట్టాను. ఇప్పుడు దిగితే ఇన్నాళ్లూ ఎందుకు దిగలేదో అందరికీ తెలిసిపోతుంది. దిగకపోతే చచ్చిపోయినవాళ్ల ముందు ఎక్కి పోయినట్టు. రెండూ నా వల్ల కాలేదు.

ఆ మేకల దారి ఇప్పటికీ నాకు కలలో వస్తుంది. ఎండిన టేకాకులు పళ్లేలంత వెడల్పు. చక్రం కింద అవి విరిగే చప్పుడు నా వెనుక ఎవరో నడుస్తున్నట్టే ఉండేది. చెట్ల వేళ్ల మీద సైకిల్ ఎగిరేది. ఇప్ప చెట్ల కింద ఎండ నాణేల్లాగా పడి ఉండేది. ఒక వాగు దగ్గర సైకిల్‌ను భుజాన వేసుకుని మోకాటి లోతు నీళ్లలో దాటాను. ముళ్ల దగ్గర దిగాను, బండల దగ్గర దిగాను, జారుడు దగ్గర దిగాను. ఒక్కచోట దిగలేక అడవిలో పదిచోట్ల దిగుతున్నానని ఏడో రోజు వాగు మధ్యలో నిలబడ్డప్పుడు తట్టింది. నా ముఖం నీళ్లలో అటూ ఇటూ ఊగుతోంది. అది బాపు ముఖంలాగే ఉంది. అలసిపోయి ఉంది.

మరునాడు ఘాట్ దారినే పోయాను. కాలు పెట్టకుండానే ఎక్కాను, ఆ మాట చెప్పుకోవలసిందే. పైన మంచు పలుచబడుతోంది. ఒక ముసలామె రాళ్ల ముందు గొంతుక్కూర్చుని ఎర్రటి జాజుమట్టి కలిపి రాళ్లకు పూస్తోంది. దారి మీద ఇంకెవరూ లేరు. మొదటి టేకు చెట్టు దగ్గర బ్రేకు వేశాను. వేశాక కూడా కొంతసేపు ఒక కాలు పెడల్ మీదే ఉంచుకుని నిలబడ్డాను. తర్వాత రెండో కాలు తిప్పి దిగాను.

"ఆగు సారూ, ఆగు! నేనొస్తున్న, పడతవ్!"

ముసలామె లేచి వచ్చేసింది. జాజు చేతులతోనే నా మోచెయ్యి పట్టుకుంది. తెల్లచొక్కా మీద ఐదు వేళ్లూ పడ్డాయి.

"నా కాలు మంచిగనే ఉన్నది అవ్వా," అన్నాను. "ఇన్నొద్దులు నాకు తెల్వక దిగలే. తప్పు నాది."

"అందరు గట్లనే అంటరు కొడుకా. మా తమ్ముడు గూడ ముల్లిరిగిన కాలుతోనే పోయిండు. ఎట్లున్నదిరా అంటే ఏం లేదక్కా అన్నడు. కుంటుకుంటనే పోయిండు. నేను చూడలేదా? మెల్లగ నడువు."

"ఏది మీ తమ్ముని రాయి?"

"గా నడిమిది. మా చేన్ల జర పొట్టిదే దొరికింది. వాడు పొడుగు మనిషి. నీ లెక్కనే నిక్కి నడుస్తుండె."

ఒక చేత్తో సైకిల్, రెండో చేతిని ఆమె పట్టుకుని ఉంది. విడిపించుకుందామనుకున్నాను, విడిపించుకోలేదు. కాలు బాగుందని ఇంకోసారి చెబుదామనుకున్నాను, చెప్పలేదు. ఆమె అడుగులు చిన్నవి. వాటికి తగ్గట్టు నేనూ చిన్నవి వేశాను. ఐదు రాళ్లూ ఒక్కొక్కటే మా పక్క నుంచి మెల్లగా వెనక్కి పోయాయి. తడి జాజు వాసన వచ్చింది. వెలుతురు టేకాకుల్లోంచి ఆకుపచ్చగా దిగి, నీళ్ల అడుగున నడుస్తున్నట్టనిపించింది. ఆ దారి అట్లా ఇంకా చాలా దూరం ఉంటే బాగుండునని అనిపించింది.

చివరి టేకు చెట్టు దగ్గర ఆమె నా చెయ్యి వదిలి, సైకిల్ వెనుకకు పోయి క్యారియర్ రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"ఇగ ఎక్కు. నేను పట్టుకుంట."

ఎక్కాను. ఆమె వెనుక నుంచి నెడుతూ నాలుగడుగులు పరుగెత్తింది. ఆయాసంలోనే కేక వేసింది:

"రేపు గూడ గీడనే ఉంట, భయపడకు! నువ్వు దిగు, నేను ఎక్కిస్త!"