కేతెలెవు పాదాలు

ఫిజీ దీవుల్లోని సువాలో వాన పడని మధ్యాహ్నాలు తక్కువ. వానకు కాగితం మెత్తబడుతుంది, సిరా గీత దాటి పాకుతుంది. అందుకని ఎరోని తన బల్ల కింద ఎప్పుడూ ఒక బల్బు వెలిగించి ఉంచేవాడు. ఆ వెచ్చదనానికి కాగితం ఆరేది. ఇరవై రెండేళ్ళుగా పేపరుకు రోజూ మూడు గళ్ళ బొమ్మకథ. మధ్యాహ్నం మూడు గంటలకల్లా మూడో గడి ముగియాలి.

రోజూ నవ్వించడం ఎలా అని అడిగినవాళ్ళకు రోజూ నవ్వించలేమని చెప్పేవాడు. వారానికి రెండు బాగుంటాయి. రెండు పరవాలేదు. మిగిలినవి వానరోజులు. జనం జోకు కోసం చూడరు, ఆ మనిషి ఇంకా ఉన్నాడా అని చూస్తారు. పొద్దున్నే కిటికీ తీస్తే ఎదురింటాయన పళ్ళు తోముకుంటూ కనబడినట్టు ఉంటే చాలు.

ఆ మనిషి పేరు కేతెలెవు, అంటే పెద్ద బొజ్జ. అతని పక్కన పేరులేని బక్కవాడొకడు ఉంటాడు. కేతెలెవు బక్కవాడి చేపలు తింటాడు, బక్కవాడి పడవెక్కి నిద్రపోతాడు. కథంతా అంతే. బొజ్జ గీయడం ఎరోనికి మొదటి రోజే వచ్చింది. పాదాలు రావడానికి మూడేళ్ళు పట్టింది. చెప్పులెరగని వెడల్పాటి పాదాలు, తెడ్ల లాంటివి, వేళ్ళు దేనికది విడిపోయి ఉంటాయి. ముఖం చెరిపేసి ఒక్క పాదాలే వేసినా బస్టాండులో ఎవరైనా గుర్తుపడతారు.

ఆ పాదాలు సెతారేకివి. సువా మార్కెట్టులో కర్రపెండలం, చామదుంపలు అమ్మేవాడు. వాళ్ళ ఊరికీ ఎరోని ఊరికీ మూలపురుషుడు ఒక్కడే, కాబట్టి ఇద్దరూ ఒకరికొకరు తౌవు. అది మేలమాడే వరస. ఒకరినొకరు ఎంత మాటైనా అనవచ్చు, ఒకరింట్లోది మరొకరు అడక్కుండా పట్టుకుపోవచ్చు. కోపం తెచ్చుకోవడమే తప్పు.

శుక్రవారం మధ్యాహ్నం సెతారేకి పత్రికాఫీసు మెట్లెక్కి వచ్చేవాడు. ఎరోని క్యారియరు తెరిచి, కొబ్బరిపాలలో ఉడికిన చేపముక్క తీసి, నిలబడే తినేవాడు. వేళ్ళు ఎరోని చొక్కాకే తుడిచేవాడు. ఆ వారం బొమ్మల్లో బాగున్నది ఏరి చంకలో పెట్టుకునేవాడు. బొజ్జ నాది, పాదాలు నావి, నీది సిరా ఒక్కటేగా అనేవాడు. సిరా నీ బుర్రకంటే ఖరీదని ఎరోని అనేవాడు. సంపాదకురాలు రాజ్‌వంతి తన గదిలోంచి వినేది. ఆ వరస ఆమెది కాదు, కానీ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగింది. శుక్రవారం ఆ రెండు గొంతులూ వినపడకపోతే పేపరు సరిగ్గా రాదనుకునేది.

ఆగస్టులో సెతారేకి పాదానికి మేకు గుచ్చుకుంది. ఎప్పటినుంచో షుగరు. ఎవరికీ చెప్పలేదు, ఆకు కట్టుకుని మార్కెట్టులోనే తిరిగాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. ఒక కాలు మోకాలి కిందికి తీసేశారు.

ఎరోని నారింజలు పట్టుకుని వెళ్ళాడు. మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. దుప్పటి ఎక్కడ పల్లంగా ఉందో అటు చూడలేదు. గొంతు తగ్గించి, త్వరగా కోలుకోవాలని, దేవుడున్నాడని చెప్పాడు. తల వంచి ప్రార్థన చేశాడు. సెతారేకి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నొప్పి కాబోలనుకుని ఎరోని మునివేళ్ళ మీద బయటికి వచ్చేశాడు.

మర్నాడు బల్ల ముందు కూర్చుంటే చెయ్యి కేతెలెవు నడుం దాకా గీసి ఆగింది. రెండు పాదాలూ వేస్తే అబద్ధం. ఒకటే వేస్తే, ఇంకా పుండు మానని మనిషిని ఊరందరి ముందూ నిలబెట్టినట్టు. కాసేపు చూసి, కేతెలెవు ముందు ఒక దుంపల బస్తా గీశాడు. ఆ రోజు గడిచింది. ఆ తర్వాత కేతెలెవు నడుంలోతు నీళ్ళలో వల విసిరాడు. పొడుగాటి గడ్డిలో నిలబడ్డాడు. పడవలో కూర్చున్నాడు, అంగడి బల్ల వెనక నిలబడ్డాడు, కిటికీలోంచి తొంగిచూశాడు. దాచడానికి ఇన్ని వస్తువులున్నాయని ఎరోనికి అంతకుముందు తెలియదు. బొమ్మలు బాగానే వచ్చాయి. గడ్డి ఎప్పుడూ అంత శ్రద్ధగా గీయలేదు.

నలభై ఒక్క రోజులు అలా నడిచింది. కేతెలెవు పాదాలు ఎవరైనా ఎత్తుకుపోయారా అని లౌతోకా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాజ్‌వంతి అది తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. శుక్రవారాలు వచ్చి పోతున్నాయి. క్యారియరులో చేపముక్క సాయంత్రం దాకా అలాగే ఉండేది. సెతారేకి ఇంటికి వచ్చేశాడని తెలిసినా ఎరోని వెళ్ళలేదు. ఏ గొంతుతో మాట్లాడాలో అతనికి తెలియలేదు.

ఒక సోమవారం సెతారేకి భార్య మెరెయోని మెట్లెక్కి వచ్చింది. ఆమె చేతిసంచిలో పేపరులోంచి కత్తిరించిన బొమ్మలున్నాయి, నలభై ఒకటీను. బల్ల మీద వరసగా పరిచింది. బస్తా, నీళ్ళు, గడ్డి, పడవ. అన్నీ ఒక్కచోట చూస్తే ఎరోనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

"డాక్టరు ఒక కాలే తీశాడంట. రెండోది నువ్వు తీసేశావంట. చెప్పి రమ్మన్నాడు అన్నా."

ఎరోని ఆమె ముందుకు కుర్చీ జరిపాడు. ఆమె కూర్చుని, మెల్లగా మిగతాది చెప్పింది. ఇంటికి ఎవరు వచ్చినా గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. పాస్టరు వస్తాడు, కళ్ళు తుడుచుకుంటాడు. అక్కచెల్లెళ్ళు వస్తారు, పాట పాడి ఏడుస్తారు. ఆసుపత్రిలో చంకకర్రలు ఇచ్చారు, గోడకు ఆనించి ఉన్నాయి. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. చాప దిగడు. ఆసుపత్రిలో ఉండగా, తలుపు చప్పుడైనప్పుడల్లా నీకోసమే చూశాడు. వచ్చి నాలుగు తిడతావనుకున్నాడు. నువ్వేమో ప్రార్థన చేసి వెళ్ళిపోయావు.

"నా తౌవు నాతో శవంతో మాట్లాడినట్టు మాట్లాడాడే అన్నాడు. అంతే, ఆ తర్వాత నీ ఊసెత్తలేదు."

ఆమె వెళ్ళాక ఎరోని లేచి కిటికీ మూశాడు. వాన వస్తోంది. తర్వాత బల్బు దగ్గర ఆరిన కాగితం తీసి పరుచుకున్నాడు.

మొదటి గడిలో కేతెలెవు, చంకకర్ర ఆనించుకుని, ఒంటికాలి మీద బక్కవాడి గుమ్మంలో నిలబడ్డాడు. ముందు బస్తా లేదు, గడ్డి లేదు. మోకాలి కింద ఖాళీ కాగితం. రెండో గడిలో వేలు చూపించి అడుగుతున్నాడు: "తౌవూ, నీ దగ్గర రెండున్నాయి కదా. ఒకటి ఇటు పడెయ్." మూడో గడిలో బక్కవాడు కొబ్బరిచెట్టు చివర, రెండు కాళ్ళూ పొట్టలోకి ముడుచుకుని కూర్చున్నాడు. కింద కేతెలెవు వాడి చేపలు తింటూ, తొందరేం లేదంటున్నాడు.

రాజ్‌వంతి బొమ్మను రెండుసార్లు చూసింది. మా వీధిలో ఇలా కాలు తీసేసినవాళ్ళు నలుగురున్నారు, రేపు ఫోను నేనే ఎత్తాలి అంది. ఇది ఒక్క మనిషికి చేరితే చాలు, మిగిలినవాళ్ళ తిట్లు తను పడతానన్నాడు ఎరోని. ఆమె మూలన సంతకం పెట్టి అచ్చుకు పంపింది.

మర్నాడు పేపరు వచ్చాక ఎరోని బస్సెక్కి సెతారేకి ఇంటికి వెళ్ళాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. కొని రెండు వారాలే అయింది, మంచి తోలువి. 

సెతారేకి చాప మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒళ్ళో పేపరు ఉంది. తలెత్తలేదు.

"బొజ్జ తగ్గించావేంరా?" అన్నాడు చివరికి. "పోయింది కాలు. అన్నం కాదు."

"గడిలో పట్టలేదు. ఇంకో గడి కొనుక్కో."

"సరే, అది పోనీ. ఇటు రా. ఇది ఏ కాలు?"

ఎరోని వంగి చూశాడు. బొమ్మలో లేనిది కుడికాలు. చాప మీద చూశాడు. ఇన్నాళ్ళలో అతను అటు చూడడం అదే మొదలు. మడిచి పిన్ను పెట్టిన సులు లుంగీ కింద లేనిది ఎడమకాలు.

"వాళ్ళేమో ఎడమది తీశారు. నువ్వు కుడిది కోశావు. లెక్క చూస్తే నాకిప్పుడు రెండూ లేవు. నీకంటే ఆ డాక్టరే నయం, కోసే ముందు గుర్తన్నా పెట్టుకున్నాడు."

"అటు తిరిగి నుంచున్నావనుకున్నా."

"నుంచున్నానా? ఎప్పుడు చూశావురా నువ్వు నన్ను?"

ఎరోని చాప అంచున కూర్చున్నాడు. సెతారేకి అతని ముఖంలోకి కాసేపు చూసి, పేపరు మడిచి అతని నెత్తిమీద ఒక్కటి వేశాడు. అప్పుడు నవ్వాడు. బొజ్జ కదిలింది, పిన్ను పెట్టిన సులు అంచు కదిలింది. వంటింట్లోంచి మెరెయోని, ఎన్నాళ్ళకు విన్నాను ఈ చప్పుడు అని తనలో తను అనుకుంటున్నట్టుగా అంది.

తిని వెళ్ళమని ఎరోనిని వంటింట్లోకి పిలిచింది. ఉడికిన చామదుంప, డబ్బా చేప. అతను తింటూ ఉంటే ముందుగదిలో ఏదో నేలకు తగిలిన చప్పుడైంది. కర్ర. ఆగింది. మళ్ళీ కర్ర, ఆ వెంట ఒంటి అడుగు. గుమ్మం దాకా వెళ్ళింది, తిరిగి వచ్చింది. మెరెయోని చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. ఇద్దరూ తలుపువైపు చూడలేదు.

ఎరోని ముందుగదిలోకి వచ్చేసరికి సెతారేకి చాప మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. నుదుట చెమట. చెప్పుల కోసం గుమ్మం బయటికి వెళితే ఎడమ చెప్పు ఒక్కటే ఉంది.

లోపలినుంచి, కళ్ళు తెరవకుండానే, "ఎడమది నాకెందుకురా, నువ్వే ఉంచుకో" అని వినిపించింది.

ఎరోని ఒంటి చెప్పుతో బస్సు ఎక్కాడు. డ్రైవరు అతని పాదం వైపు చూశాడు, తన పక్కనున్న పేపరు వైపు చూశాడు, టిక్కెట్టు చింపి ఇచ్చాడు. ఆఫీసుకు వచ్చేసరికి రెండున్నర. కాగితం పరిచి ముందు బక్కవాణ్ణి గీశాడు. ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తది. తర్వాత కేతెలెవును గీయబోయి ఆగాడు. తన ఎడమకాలు ఏదో ఒకసారి కిందికి వంగి చూసుకున్నాడు.