బొమ్మ కింద మాట

పాతపట్నం గోడల మీద బొమ్మలు వేసే అతనికి ఒక అలవాటు ఉండేది. బొమ్మ పూర్తికాగానే కుంచె చెవి సందున దోపుకొని, "కింద ఏటి రాయమంతారు?" అని చుట్టూ చేరినవాళ్లను అడిగేవాడు. వాళ్లన్నదే రాసేవాడు.

యుద్ధం రోజుల్లో మా ఎస్టేటు వేలంలో పోయినప్పుడు, నాన్నగారు పల్లకీలోంచి పడుతున్నట్టు వేశాడు. "దిగి నడు బాబూ!" అని ఎవడో అంటే, అదే రాశాడు. నాన్నగారు మళ్లీ వీధిలోకి రాలేదు.

మా మేడ కొన్న షావుకారు ప్రహరీ మీద తన బొమ్మ వేయించుకున్న రోజు నేనూ జనంలో నిలబడ్డాను. బొమ్మలతను ఎప్పటిలాగే కింద ఏం రాయాలని అడిగాడు.

"ఈ మీసం కూడా వేలంలో కొన్నదే," అన్నాను.

రాశాడు. షావుకారు అతన్ని ఊళ్లోంచి తరిమించాడు. నాన్నగారి బొమ్మ వేసినందుకు నేను కోరుకున్నదీ అదే. రంగు డబ్బాలతో వెళ్లిపోతూ నా ముందు ఆగి, "అన్నిట్లోకీ మీ మాటే బాగా కుదిరినాది బాబూ," అని నవ్వాడు.

ఆ నవ్వును ఇప్పటికీ క్షమించలేదు.