పాండురంగ పాటకు విఠల్ మీసం పందెం

విఠల్ ప్రాణంగా చూసుకునేవి రెండే: మీసం, క్యాసెట్. మీసం తాతగారి పోలిక. క్యాసెట్ బెజవాడలో సత్యనారాయణ కొట్లో ఎక్కించుకున్నది. అందులో ఉన్నవి గాయకుడు పాండురంగ పాడిన ‘మాపటి ఎండ’ పాటలు. పాండురంగ మిగతా పాటలన్నీ ఊరంతా పాడుకుంది గానీ ఈ ఆల్బమ్‌ను కుక్క కూడా ముట్టలేదు. అందుకే బజార్లో అసలుది దొరక్క కాపీతో సరిపెట్టుకున్నాడు.

బ్రిస్బేన్‌లో విఠల్ ఉద్యోగం, రెండువేల సంవత్సరం వచ్చేలోగా ఓ కంపెనీ కంప్యూటర్లలోని రెండంకెల ఏళ్లను నాలుగంకెలు చేయడం. చేయకపోతే లోకం మునిగిపోతుందని కంపెనీ నమ్మింది. జీతం వస్తున్నంతకాలం విఠల్ కూడా నమ్మాడు.

శనివారాలు మాత్రం సన్నీబ్యాంక్ పేటలో ఖలీద్ సరుకుల కొట్టుకు వెళ్లి, కందిపప్పు నెపంతో ‘మాపటి ఎండ’ గురించి పోట్లాడేవాడు. ఖలీద్‌ది హైదరాబాద్. అతనూ పాండురంగకు వీరాభిమానే. అదే తంటా.

“ఆ గొంతులో బరువేంటి ఖలీద్ భాయ్! తను ఏడవకుండా మనల్ని ఏడిపించాడు.”

“బరువా? ఏం మాట్లాడ్తున్నరు విఠల్ భాయ్! నేను ఇన్న గదా. పెండ్లి బరాత్‌ల గుర్రం బెదిరినట్టు ఉరుకుతది పాట. పాండురంగ కెరీర్‌లనే వేస్ట్ ఆల్బమ్ అది.”

“మీ చెవుల్లో ఎవరైనా సీసం పోశారా?”

తన క్యాసెట్ వినిపిస్తానంటే, ఇన్నదే మళ్ల ఎందుకంటూ ఖలీద్ చెయ్యి ఊపేసేవాడు. చివరికి ఒకరోజు విఠల్ రెచ్చిపోయాడు. “అయితే అసలు క్యాసెట్ మీరే తెప్పించండి. విన్నవాళ్లు బాగోలేదంటే మీసం తీసేస్తా!” అన్నాడు. కొట్లో ఉన్నవాళ్లంతా విన్నారు.

ఈ సంగతి తెలిసి భార్య శ్యామసుందరి, “మీసం తీస్తే మీరు అచ్చం మీ తమ్ముడిలా ఉంటారు. నాకు ఆయనంటే పడదు,” అంది.

ఖలీద్ బావమరిది హైదరాబాద్ నుంచి క్యాసెట్ పట్టుకొచ్చాడు. కొట్లో అందరి ముందూ టేప్‌రికార్డర్‌లో పెట్టారు. పాండురంగ కీచుమంటూ, బస్సు తప్పిపోతున్నవాడిలా పరుగెత్తాడు. జనం పగలబడి నవ్వారు. విఠల్ మాత్రం, “ఇది కాదు, ఇది కానే కాదు,” అంటూ కారులోంచి తన క్యాసెట్ తెచ్చి పెట్టాడు. అదే పాట, అవే మాటలు. కానీ నిదానంగా, లోతుగా ఉంది. నవ్వులు ఆగాయి.

ముందుగా అర్థమైంది ఖలీద్‌కే. “ఎక్కించినోని మిషన్ బెల్ట్ లూజ్ ఉండె, విఠల్ భాయ్. అసలు క్యాసెట్ మెల్లగ తిరిగింది. ఆ మెల్లగున్న పాటే మీ దాంట్లకెక్కింది.”

విఠల్‌కు తల కొట్టేసినట్టయింది. పరాయివాళ్ల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే మొనగాడు, ఇన్నేళ్లూ భక్తి చేసింది పాండురంగకు కాదు, సత్యనారాయణ వదులు బెల్టుకు. వేళాకోళం పక్కన పెడితే, ఈ దేశం వచ్చిన కొత్తలో పని దొరక్క, శ్యామసుందరి ఇంకా రాక, ఒంటరిగా పడి ఉన్న రోజుల్లో అతన్ని నిలబెట్టినవి ఆ పాటలే. అదీ ఉత్తిదేనా అనుకున్నాడు. క్యాసెట్‌నూ కందిపప్పునూ అక్కడే వదిలేసి ఇంటికొచ్చి, అన్నమాట ప్రకారం మీసం తీసేశాడు.

శ్యామసుందరి తలెత్తి చూసి, “రండి మరిదిగారూ, మీ అన్నయ్య ఇంట్లో లేరు,” అంది.

వారం తిరిగినా కందిపప్పు రాకపోయేసరికి ఆవిడే తరిమింది. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని విఠల్ కొట్టుకు వెళ్లాడు. గుమ్మంలోనే పాండురంగ వినిపించాడు, నిదానంగా, లోతుగా. లోపల బియ్యం బస్తా మీద కూర్చుని ఖలీద్ కళ్లు తుడుచుకుంటున్నాడు.

“మిర్చి పొడి ప్యాకెట్ చినిగింది,” అన్నాడు విఠల్‌ను చూసి.

విఠల్ నమ్మినట్టే తలూపి, క్యాసెట్ కోసం చెయ్యి చాచాడు. ఖలీద్ లేచి టేప్‌రికార్డర్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

“మీసం మళ్ల పెంచుకోండ్రి విఠల్ భాయ్. క్యాసెట్ మాత్రం ఇయ్యను.”