వెనక వరసలో కుసుమకుమారి

కృష్ణానగర్‌లో ఎక్కిన షేర్ ఆటో ఫిల్మ్‌నగర్ ఎత్తు సగం ఎక్కి, ఆయాసపడి ఆగిపోయింది. డ్రైవరు భిక్షం దిగి, జ్వరం చూసే వాడిలా ఇంజను మీద చెయ్యేసి తలాడించాడు. "ఫికర్ చెయ్యకుండ్రి, జర చల్లారితే అదే లేస్తది," అన్నాడు. ఫికర్ చెయ్యడానికి నాకేం ఉంది? చేరవలసిన చోటంటూ లేకుండా బయల్దేరడమే ముసలితనంలో నాకు అబ్బిన విద్య. సన్నగా తుంపర పడుతోంది. రోడ్డు పక్క బండరాళ్లు మబ్బులోంచి సగం బయటికొచ్చిన ఏనుగుల్లా ఉన్నాయి. వాటి వయసు కోట్ల ఏళ్లని ఎక్కడో చదివినప్పటి నుంచి, వాటి మీద కట్టిన మేడలన్నీ నా కంటికి గుడారాల్లాగే కనిపిస్తాయి.

పక్కన కూర్చున్నావిడ మాత్రం తొందరలో ఉంది. అరవై దాటిన మనిషి. నేత చీర, మెడ చుట్టూ ఉన్ని మఫ్లరు. గొంతును చంటిబిడ్డలా కాపాడుకునే వాళ్లను నేను ఇట్టే పోల్చుకుంటాను. నడిచి పోదాం వస్తారా అంది. దిగాను.

పేరు కుసుమకుమారి, రేపల్లె పక్క పల్లె. సినిమా పాటల్లో కోరస్ పాడడానికి వయసులో ఉండగానే మద్రాసు వెళ్లిందట. పరిశ్రమ ఇక్కడికి తరలినప్పుడు సామానుతో పాటు తనూ వచ్చేశానని నవ్వింది. అప్పటి నుంచీ కృష్ణానగర్‌లో అదే గది. ఏ క్యాసెట్టు మీదా ఆమె పేరు పడలేదు. కోరస్‌లో ఒకరి గొంతు విడిగా వినబడిందంటే ఆ టేకు పోయినట్టే, మళ్లీ మొదటి నుంచి పాడాలి. ఇంకో నియమం కూడా ఉందిట. ముందు పాడేవాళ్లు స్వరం జారవిడిస్తే వెనక వరస అడగకుండానే అందుకోవాలి.

"ఇంత పొద్దున్నే ఎక్కడికమ్మా?" అన్నాను.

రవిచంద్ర అభిమానుల దగ్గరికి అంది. రవిచంద్ర ఎవరో నాకు తెలీదు. రాక్ పాటలు పాడేవాడట. ఆ బృందం వెనక ఈమె కొన్నాళ్లు ఊళ్లు తిరిగింది. గొంతుకు ఆపరేషనయ్యాక అతను పాట మానేశాడు. ఈ సాయంత్రం అభిమానులు ఒక ప్రివ్యూ థియేటర్ తీసుకుని, అతను వేదిక మీద పాడిన వాటిలో గొప్పదాన్ని తెర మీద వేస్తారు. అతను ముందు వరసలో కూర్చుని చూస్తాడు. ఏది గొప్పదో ఇప్పుడు తేలాలి. అందరూ స్టేడియంలో పాడిందే అంటున్నారు. అందులో చివర ఎత్తుకున్న పై స్వరానికి పేరు పడిపోయింది.

"ఆ స్వరం ఆయనది కాదండీ. నాది."

గాలి ఎటు వీస్తోందో చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ రోజు సరిగ్గా అక్కడ అతని గొంతు మూగబోయిందిట. అలవాటు కొద్దీ ఈమె అందుకుంది. గిటార్ల హోరులో ఎవరికీ తేడా తెలియలేదు. అతనికి తెలుసు. తెర వెనక్కి వచ్చాక చేతులెత్తి దణ్ణం పెట్టాడు, అంతే.

"ఇవాళ ఆ స్వరానికి అందరూ లేచి చప్పట్లు కొడతారు. గొంతు పోయిన మనిషి తలొంచుకుని వినాలి. తనది కాని ఆ మెప్పును మొయ్యగలడా?"

ఉన్నది చెప్పేయొచ్చుగా అన్నాను.

"చెబితే నాకు పేరొస్తుంది మాస్టారూ. ఆయనకేం మిగులుతుంది?"

ఒక బండరాతి నీడన టీ కొట్టు. బల్లల మీద అభిమానులు. కుసుమకుమారి ఓటు వెంగళరావు నగర్‌కట. అక్కడొక చిన్న హాల్లో, కోరస్ లేకుండా, గొంతు బాగోక శ్రుతి దించుకుని రవిచంద్ర పాడిన రోజది. అభిమానులు మరిచిపోవాలనుకునే రోజు. వేదాంత్ అనే గడ్డం కుర్రాడు వాళ్లకు పెద్ద.

"అది జ్వరంల పాడిన పాట ఆంటీ. మీరు మనసుతోని వింటున్నరు, చెవులతోని కాదు."

"చెవులతోనే వింటున్నా నాయనా. ఎత్తుగా కూయడమే పాటైతే ప్రెషర్ కుక్కర్‌కి దండెయ్యాలి."

అందరూ నవ్వారు, వేదాంత్ కూడా. కానీ చేతులెత్తమంటే ఆమెది తప్ప అన్నీ స్టేడియానికే లేచాయి. నిహారిక అని ఆఫీసు బ్యాగుతో వచ్చిన అమ్మాయి ఆ స్వరాన్ని తను రోజూ వింటానంది. చివరిసారి రెండూ విని తేల్చేద్దామని స్పీకర్ బల్ల మీద పెట్టారు.

స్టేడియం మొదలైంది. తుంపరలో ఆ పాట ఎక్కడో కొండ అవతల జరుగుతున్న పెళ్లిలా వినిపించింది. ఒక్కొక్కరే కళ్లు మూసుకున్నారు. ప్రాణం, అగ్ని కలిసిన చోట నాదం పుడుతుందని మన పాత సంగీతం వాళ్లు రాశారు. రాజుల కోటల్లో తిరిగి, శిథిలాల్లో పడుకుని, ఆ మాట ఎన్నోసార్లు తలుచుకున్నాను గానీ, అర్థమైంది ఈ టీ కొట్టు దగ్గరే. పై స్వరానికి ముందు గిటార్లు ఒక్క క్షణం ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఎవరో గట్టిగా ఊపిరి తీసుకోవడం స్పీకర్‌లోంచి వినబడింది. అదే క్షణంలో బల్ల మీద కూర్చున్న కుసుమకుమారి ఛాతీ కూడా ఊపిరితో నిండింది. కావాలని కాదు. ఒంటికి పట్టిన అలవాటది.

ఆమెను ఆనుకుని కూర్చున్న నిహారిక కళ్లు తెరిచింది. స్వరం పైకి లేస్తోంది. కుసుమకుమారి పెదాలు మూసే ఉన్నాయి, మఫ్లరు కింద గొంతు మాత్రం కదులుతోంది. నిహారిక అటే చూస్తూ ఏదో అడగబోయింది. కుసుమకుమారి తల అడ్డంగా, చాలా కొద్దిగా, ఆడించింది.

పాట అయ్యాక నిహారిక రెండోది పెట్టమంది. హాల్లో ఫ్యాను చప్పుడు, ఎవరిదో దగ్గు, మధ్యలో బొంగురుగా ఒక గొంతు. మెట్టు మెట్టుకీ ఆగి, నిలదొక్కుకుని, ఎక్కలేనని తెలిసిన చోట సిగ్గుపడకుండా కిందకి దిగింది.

"నా ఓటు దీనికే," అంది నిహారిక.

"గిదేంది? నిన్నటిదాంక స్టేడియం స్టేడియం అని నా జాన్ తిన్నవ్ గద."

"అందులో గిటార్లు వినిపిస్తాయి వేదాంత్. ఇందులో ఆయన ఊపిరి వినిపిస్తోంది. కావాలంటే మళ్లీ విను."

మళ్లీ పెట్టారు. ఈసారి వేదాంత్ స్పీకర్ మీదకి వంగి విన్నాడు. పాట అయిపోయినా ఫ్యాను చప్పుడు ఆగేదాకా తలెత్తలేదు. గడ్డం రుద్దుకుంటూ, గీ పాట నేనెప్పుడూ పూర్తిగ విననేలేదు అని గొణిగాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే చేతులెత్తాక వేదాంత్ ఇటు తిరిగాడు.

"సరే. ఇదే పెడదాం. ఆంటీ, సాయంత్రం మీరు సార్ పక్కనే కూర్చోవాలె—"

ఆంటీ అక్కడ లేదు. సగం తాగిన టీ గ్లాసులోంచి ఆవిరి లేస్తోంది. నాక్కూడా ఒక మాట చెప్పలేదు. ఎత్తు దిగే రోడ్డు మీద, మబ్బు పలచబడిన చోట, మఫ్లరు తీసి చేత్తో పట్టుకుని నడిచిపోతోంది. లేచిన ఆటోతో ఎదురొచ్చిన భిక్షం ఆపి ఏదో అడిగాడు. ఆమె వద్దన్నట్టు చెయ్యూపి, వెనక్కి చూడకుండా, కృష్ణానగర్ వైపు సాగిపోయింది.