డైరెక్టరుగారి భృతి

మార్చి నెలలో ఒక శుక్రవారం సాయంత్రం నార్మన్ హెస్లప్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. సోమవారం పొద్దున అదే కుర్చీలో, అదే బల్ల ముందు, అదే ఫ్యాక్టరీ గొట్టాల బొమ్మలు గీయడానికి మళ్ళీ కూర్చోబెట్టారు. మధ్యలో శని ఆదివారాల్లో జరిగింది ఒక్కటే. పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్న ఉద్యోగి కాస్తా ఒక కంపెనీ అయిపోయాడు. కంపెనీకి జీతంతో సెలవు ఇవ్వక్కర్లేదు, కంపెనీకి జబ్బు చేయదు, కంపెనీని పొమ్మనడానికి ఒక ఫోను చాలు. టీస్ నది ఒడ్డునున్న ఆ డ్రాయింగ్ ఆఫీసులో ఆ రోజు ఇరవై రెండు మందికి ఇదే చేశారు. ఇరవై ఒక్కమంది తిట్టుకున్నారు. నార్మన్ విజిటింగ్ కార్డులు అచ్చు వేయించాడు.

"హెస్లప్ డిజైన్ లిమిటెడ్. నార్మన్ హెస్లప్, మేనేజింగ్ డైరెక్టర్." ఐదువందల కార్డులు. నాకు అప్పుడు పన్నెండేళ్ళు. మా అమ్మ చెల్లెలు మారియన్ ఆయన భార్య. ఒక కార్డు నా చేతిలో పెట్టి, "దాచుకోరా క్రెయిగ్, రేపు పనికొస్తుంది" అన్నాడు. ఆయనకు జరిగిన అన్యాయం ఆయనకు తప్ప స్టాక్టన్ ఊళ్ళో అందరికీ తెలుసు.

ఆ కంపెనీలో ఉన్నది ఇద్దరు. పని చేసేది బాబాయి, సెక్రటరీ పిన్ని. ఆవిడ బడి వంటింట్లో పిల్లలకు వడ్డించి ఇంటికొచ్చి, ఏడాదికొకసారి డైరెక్టర్ల సమావేశానికి హాజరయ్యేది. సమావేశం వంటగదిలో. ఆయన టై కట్టుకుని బల్లకు ఒక చివర కూర్చునేవాడు. ఆవిడ టీ పెట్టి ఇంకో చివర కూర్చునేది. "గత సంవత్సరం డైరెక్టరు చేసిన కృషికి బోర్డు ధన్యవాదాలు తెలుపుతోంది" అని ఆయనే చెప్పి, ఆవిడ చేత రాయించి, కింద ఆయనే సంతకం పెట్టేవాడు. నేను చూశాను. నవ్వితే పిన్ని బల్ల కింద నా కాలు తొక్కింది.

పెద్దయ్యాక నేను పనిచేసిన గోదాము మూసేశాక రెండు వారాలకొక మంగళవారం నిరుద్యోగ భృతి ఆఫీసుకు వెళ్ళి సంతకం పెట్టడం మొదలుపెట్టాను. మిగతా రోజులు లైబ్రరీలో గడిచేవి. ప్రతి ఆదివారం పిన్ని ఇంట్లో భోజనం. ప్రతి ఆదివారం బాబాయిది ఒకటే పాట.

"గ్రేవీ పోసుకో, క్రెయిగ్. మొహమాటపడకు. వారమంతా పోసేది కూడా మేమేగా."

"నువ్వు కట్టే పన్నుతో గ్రేవీ కూడా రాదు, బాబాయ్."

అది నిజం. తనకు తాను జీతమని చిల్లర విదిల్చుకుని, పన్ను తక్కువ పడేలా మిగతాదంతా లాభమని రాసుకునేవాడు. ఆ ఉపాయం చెప్పిన అకౌంటెంటుకు క్రిస్మస్‌కు విస్కీ సీసా పంపేవాడు. ప్రభుత్వానికి ఒక్క పెన్నీ ఎక్కువ ఇవ్వలేదని ఒక నోటితో, సోమరిపోతులందరినీ తానే మోస్తున్నానని అదే నోటితో చెప్పేవాడు. రెండింటి మధ్య ఒక బంగాళాదుంప ముక్క మింగేవాడు, అంతే.

రెండువేల తొమ్మిది జనవరిలో ఆ ఫోను వచ్చింది. సోమవారం రానక్కర్లేదన్నారు. గీయాల్సిన ఫ్యాక్టరీనే ఆగిపోయింది. కాంట్రాక్టులు ఇప్పించే ఏజెంటు "వచ్చేవారం, నార్మన్, కచ్చితంగా వచ్చేవారం" అంటూ వచ్చాడు. ఇలాంటి వచ్చేవారాలు ఐదు నెలలు నడిచాయి. మే నెలలో ఇంటి అప్పు ఇచ్చిన బ్యాంకు ఉత్తరం రాసింది. పిన్ని బ్యాంకుకు వెళ్ళి కూర్చుని ఒక మాట సంపాదించుకొచ్చింది. ఇంట్లోకి వారం వారం ఎంతో కొంత వస్తుందని ఎక్కడినుంచైనా కాగితం తెస్తే ఆరు నెలలు ఆగుతారు. జూన్ ముప్ఫై దాటితే ఇల్లు తీసేసుకుంటారు.

అలాంటి కాగితం ఇవ్వగలిగే చోటు ఊళ్ళో ఒకటే ఉంది.

"నేను వెళ్ళను" అన్నాడు బాబాయి. "కంపెనీ డైరెక్టరు వెళ్ళి చెయ్యి చాస్తాడా?"

"చెయ్యి చాచడం ఏంటి నార్మన్? పదహారో ఏట నుంచి ప్రభుత్వానికి కడుతున్నావు. నీ డబ్బే."

"అది లేనివాళ్ళ కోసం."

"మనకేముంది? చెప్పు. లేచి చూపించు."

ఆయన లేవలేదు. పిన్ని నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పరా."

ఆయనకు అడిగే హక్కుందని నాకు తెలుసు. శుక్రవారం తీసేసి సోమవారం కూర్చోబెట్టిన రోజునే భృతి ఆఫీసు ఆయనకు అప్పుపడింది. అయినా ఆరేళ్ళు నా కంచంలోకి తొంగిచూసిన మనిషి. "నాతో పాటు మంగళవారం రా బాబాయ్, తోడుంటాను" అన్నాను. ఆ మాట అనడంలో నాకు కలిగిన సంతోషం దాచుకోలేదు.

చివరికి ఒప్పుకున్నాడు, కానీ ముందు పక్క ఊరు మిడిల్స్‌బరో ఆఫీసుకు వెళ్ళాడు, అక్కడ తెలిసినవాళ్ళు ఉండరని. అడ్రసు చూసి, మీ ఊరిదే మీ ఆఫీసని వాళ్ళు వెనక్కి పంపారు. ఆ మంగళవారం సూటు, టై, నున్నగా తుడిచిన బూట్లతో నా వెంట స్టాక్టన్ ఆఫీసు మెట్లెక్కాడు. వాకిట్లో నిలబడ్డ కాపలావాడు తనిఖీకి వచ్చిన అధికారి అనుకుని తలుపు తీసి పట్టుకున్నాడు. అది ఆయనకు నచ్చింది.

లోపల లొరైన్ అనే ఆవిడ. నా సంతకాలూ ఆవిడ దగ్గరే. ఎదురుగా మనిషున్నా కంప్యూటరు తెర మీదే చూపు. బాబాయి కూర్చుంటూనే కార్డు తీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని తిప్పి చూసి, వెనక ఏమీ లేకపోయేసరికి పక్కన పెట్టింది.

"చివర ఎక్కడ పనిచేశారు, హెస్లప్ గారూ?"

"హెస్లప్ డిజైన్ లిమిటెడ్."

"మీ చుట్టాలదా?"

"నాదే."

"అయితే సొంత వ్యాపారమా?"

"కాదండీ. అది కంపెనీ. నేను అందులో ఉద్యోగిని."

"మీ యజమాని ఎవరు?"

"నేనే."

లొరైన్ మొదటిసారి ఆయన మొహం వైపు చూసింది. "మీరు పని ఎందుకు మానేశారో మీ యజమానిని అడుగుతూ ఒక ఫారం వెళ్తుంది. అందరికీ వెళ్తుంది. మీకూ వెళ్తుంది."

"పంపండి" అన్నాడు బాబాయి హుందాగా. "ఆఫీసులోనే ఉంటాను."

ఆవిడ నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు. కీబోర్డు మీద ఏదో కొట్టి, తర్వాతివాళ్ళను పిలిచింది. ఆ ఆఫీసులో ఎవరికీ ఏదీ వింత కాదు, ఎందుకంటే ఎవరూ వినరు.

ఫారం నాలుగో రోజున వచ్చింది. పైన "మేనేజింగ్ డైరెక్టరుకు" అని ఉంది. పిన్ని దాన్ని ఆయన కంచం పక్కన పెట్టింది. ఆయన తినడం ఆపి, ముందుగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. అరగంట తర్వాత కవరు అంటించుకుని బయటికొచ్చాడు.

"ఏం రాశావు?" అంది పిన్ని.

"ఉన్నదే రాశాను."

"జాగ్రత్తగా రాశావా?"

"ముప్ఫై ఏళ్ళు డ్రాయింగులు గీసినవాణ్ణి మారియన్, ఫారం నింపలేనా?" అని, తానే వెళ్ళి పోస్టు డబ్బాలో వేసి వచ్చాడు.

జూన్ పందొమ్మిదిన, లైబ్రరీలో నేను కూర్చునే బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన లైబ్రరీలో అడుగు పెట్టడం అదే మొదలు. నిలబడే ఒక ఉత్తరం నా పుస్తకం మీద పెట్టాడు.

"నీకు వీళ్ళ భాష తెలుసుగా. ఏమంటున్నారు?"

చదివాను. తన ఇష్టంతో పని మానుకున్నవాడికి భృతి వెంటనే రాదట. యజమాని ఇచ్చిన సమాచారం ప్రకారం ఈయన తన ఇష్టంతో మానుకున్నాడు. కాబట్టి పదమూడు వారాలు ఏమీ ఇవ్వరు.

"ఇది ఎవరు చెప్పారు వాళ్ళకు?" అన్నాను.

ఆయన టై ముడి సర్దుకున్నాడు.

"బాబాయ్, ఫారంలో ఏముంది?"

"మూడు గళ్ళున్నాయి. తీసేశాం, పని లేక పంపేశాం, తానే మానుకున్నాడు."

"నువ్వు ఏ గడిలో టిక్కు పెట్టావు?"

"నా కంపెనీ ఎవర్నీ తీసెయ్యలేదు. పని లేని కంపెనీ అని నా చేత్తో రాస్తే రేపు కాంట్రాక్టు ఎవడిస్తాడు? మూడో గడిలో పెట్టాను." కొంచెం గర్వంగానే, "కింద రెండు గీతల ఖాళీ ఇచ్చారు. చాలా మంచి ఉద్యోగి, అవకాశముంటే మళ్ళీ తీసుకుంటాం అని కూడా రాశాను" అన్నాడు.

పక్క బల్ల దగ్గర పేపరు చదివే ముసలాయన తలెత్తి చూసేంత గట్టిగా నవ్వాను. తర్వాత జూన్ ముప్ఫై గుర్తొచ్చి ఆగాను.

"ఇంకా పదకొండు రోజులున్నాయి. ఇప్పుడే ఒక ఉత్తరం రాద్దాం. పొరపాటు జరిగింది, పని లేక పంపేశాం అని యజమాని రాస్తే చాలు. లొరైన్ చేతికే ఇద్దాం. ఆ కాగితం పట్టుకుని పిన్ని బ్యాంకుకు వెళ్తుంది. సంతకం ఒక్కటే కావాలి. నీదే కదా!"

"అంటే మేనేజింగ్ డైరెక్టరు అబద్ధం రాశాడని మేనేజింగ్ డైరెక్టరే రాసివ్వాలి."

"అవును."

"ప్రభుత్వానికి."

"ఇల్లు పోతుంది బాబాయ్."

"ఏజెంటు వచ్చేవారం అన్నాడు" అని ఉత్తరం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. నేను తెల్లకాగితం తీసి, రాయాల్సిందంతా రాసి, సంతకానికి చోటు వదిలి ఇచ్చాను. అదీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తలుపు దగ్గర లైబ్రేరియన్‌కు తల వంచి మరీ వెళ్ళాడు.

ఆ సంతకం పడలేదు. సెప్టెంబరులో ఇల్లు పోయింది. థార్నబీలో ఒక గుర్రప్పందేల దుకాణం పైన రెండు గదుల్లోకి మారారు. సామాను మోయడానికి నేను వెళ్ళలేదు. వెళ్తే ఏదో ఒకటి అనేసేవాణ్ణి. పాతికేళ్ళు వాయిదాలు కట్టిన ఇంటిని ఒక టిక్కుతో వదులుకున్న మనిషి మీద జాలిపడాలని అమ్మ అంటుంది. ఆ జాలి పిన్నికి సరిపోయేంతే ఉంది నా దగ్గర.

మళ్ళీ ఆయన కనిపించింది పోయిన శనివారం, హై స్ట్రీట్ సంతలో. హార్టిల్‌పూల్‌లో వారానికి మూడు రోజుల పని దొరికిందన్నాడు. టై ఉంది. చేతిలో గుడ్లు, క్యాబేజీ ఉన్న సంచి. ఈసారి నా సంతకాల గురించి ఏమీ అనలేదు. పిన్ని ఎలా ఉందని అడిగాను.

"బాగుంది. నువ్వు రావట్లేదని తిడుతోంది" అన్నాడు. సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "రా, వద్దనను. కానీ క్రెయిగ్, భృతి ఆఫీసువాళ్ళే ఆపేశారని చెప్పాను మీ పిన్నితో. ఆ లొరైన్‌ని ఇప్పటికీ తిడుతుంది. నువ్వేమీ అనకు. తిట్టుకోనీ."