వెనక్కి నడిచిన కోడెలు

ఇప్పటి బడుల్లో ప్రార్థనకు కూడా మైకు పెడుతున్నారు. మేము ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో, అంటే ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడి కర్నూలులో డేరాల కింద కచేరీలు నడుస్తున్న కాలంలో, పంతులన్నవాడికి ఉండవలసిన మొదటి ఆస్తి గొంతు. చదువు ఆ తర్వాతి సంగతి. ఆ ఆస్తి నాకు పుట్టుకతోనే లేదు. మా నాన్న చెన్నూరులో పురోహితుడు. ఆయన పెన్న ఒడ్డున నిలబడి సంకల్పం చెబితే అవతలి ఒడ్డున బట్టలు ఉతుకుతున్నవాళ్ళు పని ఆపి చేతులు జోడించేవాళ్ళు (అని ఆయనే చెప్పేవాడు). నేను ఆయన పక్కన కూర్చుని మంత్రం చదివితే ఎదురుగా ఉన్న పెళ్ళికొడుక్కి కూడా వినపడేది కాదు. "మాట నాభిలో నుంచి రావల్లరా. నీది పళ్ళ కాడ పుట్టి పళ్ళ కాడనే చస్తాంది" అని విసుక్కుని, ఆయన నన్ను పౌరోహిత్యం నుంచి తప్పించి లెక్కలతో బి.ఏ. చదివించాడు. పురోహితుడిగా పనికిరాని గొంతు పంతులుగా ఎలా పనికొస్తుందన్న అనుమానం మా ఇంట్లో ఒక్కరికీ రాలేదు.

అలా నేను పులివెందుల తాలూకాలో ఒక హైస్కూలులో లెక్కల అయ్యవారిగా చేరాను. నా మాట మూడో బెంచీ దాకా పోయి అక్కడ ఆగిపోయేది. ఆ వెనక బెంచీల వాళ్ళు శెనక్కాయలు ఒలుచుకుంటూ, గొర్రెల బేరాలు మాట్లాడుకుంటూ, నన్ను ఏమాత్రం ఇబ్బంది పెట్టకుండా వాళ్ళ బతుకు వాళ్ళు బతికేవాళ్ళు. మా హెడ్మాస్టరును ఊరంతా 'పెద్దయ్యోరు' అనేది. తెల్లటి తలపాగా, మెడ దాకా గుండీలు పెట్టిన కోటు, కోపం వస్తే కూడా నవ్వుతున్నట్టే ఉండే ముఖం. ఆయన గదిలో గోడవారగా ఒక అద్దాల బీరువా ఉండేది. తాను ఈ బడికి వచ్చిన కొత్తలో, మన పిల్లలు గెలిచి తెచ్చే షీల్డులు పెట్టుకోవడానికని టేకుతో ముచ్చటపడి చేయించాడట. అప్పటి నుంచీ ఒక్క షీల్డూ రాలేదు. ఖాళీగా ఉంటే బాగుండదని ఆయన అందులో సుద్దముక్కల డబ్బాలు, తన టిఫిన్ క్యారియరు పెట్టుకునేవాడు. కొత్తగా ఫస్టు ఫారంలో (ఇప్పటి ఆరో తరగతి) చేరిన పిల్లలు ఆ క్యారియరునే ఏదో పోటీలో గెలిచిన బహుమానం అనుకుని, అద్దంలో నుంచి చూసి దండం పెట్టుకుని పోయేవాళ్ళు.

ఆ ఏడాది వేసవి సెలవులతో పెద్దయ్యోరికి రిటైర్మెంటు. దసరా సెలవులు అయిపోగానే నన్ను గదిలోకి పిలిచాడు.

"ఏమప్పా, మన డ్రిల్లు మాస్టరుకు బదిలీ అయిపాయ. బడుల మధ్య ఆటల పోటీలు ప్రొద్దుటూరులో జరగబోతాండాయి. ఈసారి నువ్వే పిల్లోల్లను తీసకపోవల్ల."

"నాకు ఆటలు రావు సార్."

"ఏందీ?"

"నాకు ఆటలు రావు సార్!"

"ఇంగ రొంత గట్టిగా చెప్పింటే సరేననేవాన్ని. ఇప్పుడు వినపల్యా. పో, పని చూసుకో" అన్నాడు. నేను గుమ్మం దాటుతుంటే మాత్రం ఆ బీరువా వైపు చూస్తూ, "ఈ అద్దాలు తుడిచి తుడిచి అరిగిపోయినాయప్పా. నేను పోయేలోగా ఒక్కటన్నా లోపల పెట్టి చూసుకోవాలని ఉండాది" అన్నాడు, ఈసారి నవ్వకుండా.  కాళ్ళు విరిగినా సరే ఆయన చేతికి ఒక షీల్డు తెచ్చి ఇవ్వాలనుకున్నాను.

పరుగులో మాకు ఆశ లేదు. వాలీబాలులో మా వాళ్ళు బంతిని గోడ అవతలికి కొట్టి, దాన్ని వెతకడానికి పోయి ఇంటికి వెళ్ళిపోయే రకం. మిగిలింది మోకు లాగుడు ఒక్కటే, రెండు జట్లు ఒక లావాటి తాడును చెరో కొస పట్టుకుని లాగే ఆట. ఎద్దులతో కపిల తోలి బావుల్లో నీళ్ళు తోడే రైతుల పిల్లలు, జీవాలు కాసేవాళ్ళ పిల్లలు, గట్టి పిండాలు. వాళ్ళలో అందరికంటే పొడుగువాడు, ఫిఫ్తు ఫారంలో ముచ్చటగా మూడోసారి చదువుతున్నవాడు ఒకడున్నాడు. ఇంటికి అడ్డంగా వేసినా పనికొస్తాడని బడిలో వాణ్ణి 'దూలం' అనేవాళ్ళు. నేను మద్రాసు నుంచి మోకు లాగుడు మీద ఒక ఇంగ్లీషు పుస్తకం తెప్పించి, అందులోని బొమ్మల ప్రకారం మడమలు నేలకు తన్నిపెట్టి, వెనక్కి వాలి, అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడవడం నేర్పడం మొదలుపెట్టాను. బొమ్మలో కోచ్ అనేవాడు జట్టుకు వెనక నిలబడి ఉన్నాడు కాబట్టి నేనూ వెనకే నిలబడి, "ఒకటి... రెండు..." అని లెక్క చెప్పేవాణ్ణి. అది చివర నిలబడ్డ దూలానికి వినపడేది. వాడు ముందువాడికి చెప్పేవాడు. మొదటివాడికి 'ఒకటి' చేరేసరికి వెనకవాడు 'నాలుగు' లాగి ఉండేవాడు.

ఇలా జరుగుతుండగా దూలం వాళ్ళ నాయన రంగంలోకి దిగాడు. ఆయన తిరునాళ్ళల్లో బండలాగుడు పందేలకు కోడెలను మేపే మనిషి. ఆ చుట్టుపక్కల అందరికీ 'కోడెల మామ'. ఆయన మాట మామూలుగా ఆడితేనే పక్క వీధిలో కుక్కలు లేచేవి. నేను పిల్లలను వెనక్కి నడిపిస్తుంటే చూసి చూసి, తలగుడ్డ తీసి నేలకేసి కొట్టాడు.

"ఏంది అయ్యోరా ఇది? ఎద్దు యాడన్నా ఎనక్కి నడిచి బండ లాగుతాదా?"

"ఇది బండ కాదు మామా, మోకు. దీనికో శాస్త్రం ఉంది."

"శాస్త్రం మీ నాయన చూసుకుంటాడు గానీ, పిల్లోల్లను ఆదివారం నాకు ఒగ్గేయ్. ముక్కోటి దేవుళ్ళు అడ్డమొచ్చినా షీల్డు ఎత్తకరాకపోతే నేను మీసం తీయించుకుంటా" అన్నాడు. (ఆయనకు మీసం మీద ఎంత మక్కువో తెలిసినవాళ్ళు ఆ మాటతో ఊరట పడ్డారు.)

ఆ రోజు నుంచి జట్టు ఊరి సొత్తయిపోయింది. మామ తన కోడెలకు ఏం పెట్టేవాడో పిల్లలకూ అదే పెట్టించాడు. పొద్దున నానబెట్టిన ఉలవలు, మధ్యాహ్నం ఉలవ గుగ్గిళ్ళు, సాయంత్రం బెల్లం కలిపిన ఉలవలు. సాయిబుల వీధి నుంచి కోడిగుడ్లు వచ్చేవి, పెద్దయ్యోరి భార్య అడుగంటా నెయ్యి పోసిన సంగటి ముద్దలు పంపేది. రాత్రిపూట ఒళ్ళంతా ఆముదం మర్దనా. తెల్లారి క్లాసులో ఆముదం వాసనకు, ఉలవల తిండికి కలిగే తక్కిన పరిణామాలకు (వాటిని పెద్దలు ఊహించుకోగలరు) కిటికీలన్నీ తెరిచి పాఠం చెప్పేవాణ్ణి. ఇక ఆదివారం వచ్చిందంటే మామ వాళ్ళను ఊరి బయటి బీడుకు తోలుకుపోయి, పందెపు బండకు మోకు కట్టి, దాన్ని భుజాల మీద వేయించి, తాను బండ పక్కన నిలబడి వాళ్ళ వీపుల మీదికి అరుస్తూ ముందుకు నడిపించేవాడు. వారమంతా నా దగ్గర వెనక్కి, ఆదివారం ఆయన దగ్గర ముందుకు. నాకు లోలోపల భయంగానే ఉండేది. ఆయనతో వాదిద్దామంటే నా మాట ఆయన మాటకు అడ్డం కూడా పడేది కాదు.

పోటీల నాడు మేము బస్సులో, ఊరు ఊరంతా శెనక్కాయల లారీలో ప్రొద్దుటూరు చేరాం. మామ ఒక గోనెసంచి విప్పి కోడెల మెడగంటలు బయటికి తీసి పిల్లల మెడల్లో కట్టబోతే, కాళ్ళావేళ్ళా పడి ఆపాను. పసుపు బొట్లు పెట్టడం మాత్రం ఆపలేకపోయాను. ఆ పిల్లలకు కొమ్ములుంటే రంగు కూడా పూసేవాడే. ఫైనలు మాకూ, ప్రొద్దుటూరు జట్టుకూ. వాళ్ళందరికీ ఒకే రంగు బనీన్లు, కాళ్ళకు బూట్లు. మా వాళ్ళకు బొట్లు. మూడు లాగుళ్ళలో రెండు గెలిచినవాళ్ళది షీల్డు. పెద్దయ్యోరు ముందు వరసలో కుర్చీ చివర కూర్చుని కండువాను పిండుతున్నాడు.

మొదటి లాగుడు నా శాస్త్రం ప్రకారం జరిగింది. నేను జట్టుకు వెనక నిలబడి లెక్క మొదలుపెట్టాను. ఆ జనం గోలలో నా 'ఒకటి' నాకే వినపడలేదు. మా వాళ్ళు తలా ఒక తీరుగా లాగి, తలా ఒక తీరుగా గీత అవతల పడ్డారు.

రెండో లాగుడుకు ఈల పడిందో లేదో, కోడెల మామ మైదానం గట్టు దూకి లోపలికి వచ్చేశాడు. వచ్చి, బండ పక్కన నిలబడే అలవాటున సరిగ్గా నడిమి గీత దగ్గర నిలబడి, "హేయ్... హయ్య హయ్య హయ్యా!" అని ఒక్క అరుపు అరిచాడు. అంతే. మా వాళ్ళందరూ ఒక్కసారిగా ఆయనకు వీపులు తిప్పి, మోకు భుజాల మీద వేసుకుని, తలలు వంచి ముందుకు నడిచారు! ప్రొద్దుటూరు జట్టు బూట్లతో సహా వాళ్ళ వెంట వచ్చేసింది. ఇంకా ఊరుకుంటే జట్టును బజారు దాకా ఈడ్చుకుపోయేవాళ్ళే. మా లారీ జనం తలగుడ్డలు ఎగరేశారు. ప్రొద్దుటూరు వాళ్ళు "ఇదేం లాగుడు! ఇదేం తిరునాళ్ళా?" అని లేచారు. కడప నుంచి న్యాయనిర్ణేతగా వచ్చిన ఇన్‌స్పెక్టరు ముందు పొట్ట పట్టుకుని నవ్వి, తర్వాత కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పాడు.

"మోకు భుజానికెత్తుకోకూడదు. ఎదుటి జట్టును చూస్తానే లాగల్ల. ఈ లాగుడు చెల్లదు, మళ్ళా లాగండి. బయటి మనుషులు లోపలికి రాకూడదు. అయ్యోరు ఒక్కడే ఉండల్ల."

మామను ఇద్దరు పట్టుకుని గట్టు బయట కూర్చోబెట్టారు. నేను పెద్దయ్యోరి వైపు చూశాను. ఆయన కండువా ఒళ్ళో పడేసి, మా వైపు కాకుండా నేల వైపు చూస్తున్నాడు. ఆ చూపు చూడలేక మళ్ళీ నా మాట ఎవరికీ వినపడని ఆ వెనక చోటుకు నడుస్తుంటే, ఉన్నట్టుండి నాకు తట్టింది. ఎద్దు తోలేవాడి గొంతుకు దూరంగా పోతుంది! నేను ఇన్నాళ్ళూ వెనక నిలబడి నా వైపుకు రమ్మన్నాను. మామ నడిమిన నిలబడి తన నుంచి దూరంగా తోలాడు. పిల్లలు తిరిగింది అందుకే. అడుగులు కలిసిందీ అందుకే. నేను పరుగున తిరిగొచ్చి నడిమి గీత దగ్గర, వాళ్ళ ముఖాలకు ఎదురుగా నిలబడ్డాను.

"ఒరేయ్, తిరగబాకండి. నా మొగమే చూడండి. నేను తోలతా, మీరు ఎనక్కి పోండి."

"నీ గొంతు మాకు యాడ వినపడతాది సార్?" అన్నాడు దూలం చివరి నుంచి, దాదాపు ఏడుపు గొంతుతో.

ఈల పడింది. ప్రొద్దుటూరు ఒక్క ఊపు ఊపింది. మా ముందువాడి కాలు గీత మీదికి జారింది. అప్పుడు, ఎక్కడి నుంచి వచ్చిందో ఈ రోజు వరకూ నాకు తెలియదు (నాభి నుంచే వచ్చి ఉంటుంది), "హేయ్... హయ్య హయ్య హయ్యా!" అన్నాను. నా పక్కనున్న ఇన్‌స్పెక్టరు చేతిలో ఈల కిందపడింది. పిల్లలందరి తలలూ ఒక్కసారి లేచాయి. అందరి మడమలూ ఒక్కసారి వెనక్కి పడ్డాయి.

"తిన్న ఉలవలు యాడ పోయినాయిరా! మీ కొమ్ములిరగ! పోవల్ల, ఎనక్కి పోవల్ల! హయ్యా! గీత దాటకుంటే ఈ పొద్దు గడ్డి లేదు, కుడితి లేదు! రేయ్ దూలమా, నిన్ను సంతలో అమ్మేస్తా! హయ్యా!"

సంధ్యావందనం కూడా ఎవరికీ వినపడకుండా చేసేవాణ్ణి, అవన్నీ నేనే అన్నాను. గట్టు బయట కోడెల మామ నా ప్రతి కేకకూ తొడ చరుస్తూ, "అబ్బ! తోలినాడ్రా అయ్యోరు! తోలినాడు!" అని ఏడుస్తున్నాడు. మా కోడెలు నా ముఖం మీది నుంచి చూపు తిప్పకుండా వెనక్కి వెనక్కి నడిచాయి. ఆ లాగుడు మాది. తర్వాతి లాగుడుకు ప్రొద్దుటూరు జట్టు లాగడం కంటే నన్ను చూడటం మీదే ఎక్కువ మనసు పెట్టింది. అదీ మాదే.

షీల్డు పెద్దయ్యోరి చేతికిచ్చాను. ఏదో చెబుదామని నోరు తెరిస్తే ఈసారి నిజంగానే గొంతు లేదు.  ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని తల ఊపుకున్నాం. మరునాడు బడంతా కిటికీల దగ్గర మూగి చూస్తుండగా ఆయన బీరువా తలుపు తీసి, టిఫిన్ క్యారియరు బయట పెట్టి, షీల్డు లోపల పెట్టి, కండువాతో అద్దం మరొక్కసారి తుడిచాడు. ఆనాటి నుంచి రిటైరయ్యే దాకా క్యారియరును కాళ్ళ దగ్గర నేల మీద పెట్టుకున్నాడు. అంత సంతోషంగా మధ్యాహ్నం అన్నం తిన్న హెడ్మాస్టరును నేను మళ్ళీ చూడలేదు.

ఈ సంగతి నాకంటే ముందే చెన్నూరు చేరింది. పోటీలు చూసిన మా ఊరి మనిషి ఒకడు మా నాన్న దగ్గరికి పోయి, "సామీ, మీవాడు ప్రొద్దుటూరులో ఎద్దులు తోలతాండాడు" అని చెప్పాడట. నేను సెలవులకు ఇంటికి పోయినప్పుడు చీవాట్లు తప్పవనుకుని తల వంచుకుని నిలబడ్డాను. నాన్న విభూతి పెట్టుకుంటూ, నా వైపు చూడకుండా, "ఎంత దూరానికి వినపడిందంట?" అని మాత్రం అడిగాడు.

తర్వాత ఉద్యోగమంతా నా పాఠం చివరి బెంచీ దాకా, ఒక్కోసారి పక్క క్లాసు దాకా వినపడింది. పిల్లలు నాకు 'తోలే అయ్యోరు' అని పేరు పెట్టారు, దాన్ని బిరుదులాగే మోశాను. ఇప్పుడు వయసు మీదపడి ఆ గొంతు మళ్ళీ పళ్ళ దగ్గరికే వచ్చి చేరింది (పళ్ళు కూడా ఇప్పుడు లేవనుకోండి). మొన్నామధ్య పులివెందుల బస్టాండులో, మనవరాలిని చంకనెత్తుకున్న ఒక పొడుగాటి ముసలాయన నన్ను గుర్తుపట్టి కాళ్ళకు దండం పెట్టాడు. దూలం! కాసేపు మాట్లాడుకున్నాం. ఆయన మనవరాలితో, "ఈ అయ్యోరు అరిస్తే ప్రొద్దుటూరు వణికిందమ్మా" అని చెప్పి, "సార్, ఒక్కసారి, పాప కోసం" అని బతిమాలాడు. చుట్టూ జనం, బస్సుల హారన్లు. సిగ్గుపడుతూనే గట్టిగా ఊపిరి పీల్చి "హయ్యా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

దూలం మాత్రం నా ముఖమే చూస్తూ, పాపతో సహా ఒక అడుగు వెనక్కి వేశాడు.