ముందు బకెట్, వెనక శెట్టి మామ

ఆ రోజుల్లో మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. వచ్చని నేను అనుకునేదాన్ని, ఇంట్లోవాళ్లు నమ్మేవాళ్లు. డిగ్రీ పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఇంటిపట్టున కూర్చున్న ఆడపిల్లకు ఆ మాత్రం గౌరవం చాలు. పురుగుమందు డబ్బా మీది రాతలు, పంపుసెట్టు మీది రాతలు నా ముందుకు వచ్చేవి. నేను చదివి అర్థం చెప్పేదాన్ని. తెలియని మాట ఎదురైతే ఆగకూడదని, గొంతు కాస్త పెంచి ముందుకు పోవాలని నాకు అప్పటికే తెలుసు. (ఆ విద్య తర్వాత ఉద్యోగంలో బోలెడు పనికొచ్చింది.) కొత్త ట్రాక్టరుకు ముందుపక్క బిగించే, బకెట్‌తో మట్టి ఎత్తే లోడరు ఎంచుకునే పనిలో నన్నూ కలుపుకున్నారంటే కారణం అదే.

మాది గుమ్మఘట్ట దగ్గర పల్లె. వానలు వరసగా మొహం చాటేసిన కాలం. చేనికి ఎగువన మా తాత తవ్వించిన కుంట ఒకటి ఉండేది. పూడిపోయి పూడిపోయి చివరికి మేకలు మోకాళ్లు తడవకుండా దాటిపోయేంత లోతు మిగిలింది. ఎప్పుడైనా నాలుగు చినుకులు పడినా ఆ నీళ్లు మా కుంటలో నిలవకుండా, మమ్మల్ని పలకరించి కిందికి వెళ్లిపోయేవి. ఆ ఏడు నాయన ధైర్యం చేసి ట్రాక్టరు కొన్నాడు. అది ఇంటికొచ్చిన కొన్నాళ్లకు, అన్నం తింటూ తన ఆలోచన బయటపెట్టాడు.

"బండికి ముందర బకెట్ బిగిస్తే వానలు వచ్చే లోపల కుంట మనమే తోడుకోవచ్చు. ఆ మట్టి చేనికి తోలుకోవచ్చు. కుంట నిండితే బోరు ఊరుతాది. నిండలేదనుకో, బండి అమ్మేసి అందరం బెంగళూరుకు పోదాం. యాడో ఒక బిల్డింగు కాడ కాపలా దొరక్కపోదు."

చివరి మాట నవ్వుతూనే అన్నాడు గాని అమ్మ నవ్వలేదు. ఆ ఎండాకాలంలోనే మా వీధిలో రెండిళ్లకు తాళాలు పడ్డాయి.

నాయనకు తమ్ముడు, అంటే మా చిన్నాయన, పేరుకే చిన్న; ఆయనకు ఏదైనా పెద్దదే కావాలి. టీ తాగినా పెద్ద గ్లాసు, రేడియో పెట్టినా పెద్ద చప్పుడు. ట్రాక్టరు నడిపేది ఆయనే కాబట్టి లోడరు విషయంలో ఆయన మాటకు విలువుండేది. అనంతపురంలో ఒక షెడ్డువాళ్లు చేసే లోడరును నాయన చూసి వచ్చాడు. దాని బకెట్ చిన్నది. చిన్నాయన బళ్లారి పోయి, అక్కడి మేస్త్రి చేసిన లోడరు చూసి, మనసు అక్కడే పారేసుకుని వచ్చాడు.

"ఏం బకెట్ అన్నా అది! దాంట్లో పెండ్లికి అన్నం వండొచ్చు. అనంతపురం వాళ్లదాంట్లో బారసాలకు పాయసం కూడా చాలదు."

"మనం వండేదానికి కొంటాండామా?" అంది అమ్మ.

ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు. చిన్నాయన బళ్లారి నుంచి తెచ్చిన కాగితం నా చేతిలో పెట్టారు. అంతా ఇంగ్లీషు. ఎంత ఎత్తు లేపుతుంది, ఎంత వెడల్పు అన్నవి హాయిగా చదివేశాను. ఆ తర్వాత, వెనకపక్క కౌంటర్ వెయిట్ తప్పనిసరి అని ఉంది. వెయిట్ అంటే బరువని తెలుసు. కౌంటర్ అంటే మా ఊరి అంగట్లో శెట్టి మామ కూర్చునే చోటు తప్ప నాకు ఇంకొకటి తెలియదు. ఆగకూడదు కదా.

"అంగట్లోనే కౌంటర్ మీద తూకం వేసి ఇస్తారంట చిన్నాయనా. మోసం ఉండదంట."

"చూసినావా అన్నా! తూకం వేసి ఇస్తాడంట!" చిన్నాయన తొడ చరిచాడు. ఇనుము తూకంలో మోసం లేని మనిషి దొరికాడని నాయన మనసు కూడా కొంత మెత్తబడింది.

మేస్త్రి మంచివాడు. కొనే ముందు మీ బండికే బిగించి చూపిస్తానని లోడరును లారీలో వేసుకుని వచ్చాడు. ఊరు ఊరంతా మా ఇంటి వెనక దిబ్బ దగ్గర చేరింది. శెట్టి మామ కూడా అంగడి మూసి వచ్చాడు. ఆయన మాకు చుట్టం కాదు గాని ఊళ్లో పిల్లలందరికీ మామే. మనిషి భారీగా ఉండేవాడు. ఆయన మంచం మీద కూర్చుంటే మంచం మూలిగేది. చిన్నాయన తలకు తువ్వాలు చుట్టుకుని సీటెక్కాడు. బకెట్‌ను దిబ్బలోకి పోనిచ్చి, ఎరువు గుట్టగా నింపి, పిడి లాగాడు. బకెట్ లేచింది. జనం అరిచారు. బకెట్ ఇంకొంచెం లేచింది. దాంతోపాటు ట్రాక్టరు వెనక చక్రాలు కూడా నింపాదిగా నేల విడిచాయి.

"రేయ్, ఎనక లేస్తాండాది! దించు!" అని నాయన.

"బకెట్ లేయాల్నంటివి కదన్నా, లేస్తాండాది!" అని చిన్నాయన. ఆయనకు వెనక ఏం జరుగుతోందో కనబడడం లేదు. ఎందుకు పైకి పోతున్నాడో తెలియక స్టీరింగును కావలించుకున్నాడు.

మేస్త్రి పరిగెత్తి వెళ్లి బకెట్ దింపించాడు. ఒకసారి చుట్టూ చూసి, శెట్టి మామ దగ్గర చూపు ఆపాడు. వెనక దున్నడానికి బిగించి ఉన్న మడక చూపిస్తూ "కూడ్రి సామీ, కూడ్రి" అన్నాడు కన్నడంలో, మర్యాదగా. శెట్టి మామ ఇదేదో పెద్దరికం ఇస్తున్నారనుకుని, పంచె సర్దుకుని మడక మీద కూర్చున్నాడు. ఆయన పక్కన ఇంకో ఇద్దరు ఎక్కారు. చిన్నాయన మళ్లీ పిడి లాగితే ఈసారి బకెట్ మాత్రమే లేచింది. ఈలలు మొదలయ్యాయి. ముందు ఏం జరుగుతోందో చూడాలని శెట్టి మామకు ఆశ పుట్టింది. దిగబోయాడు.

"దిగొద్దు మామా!" అని ఊరంతా ఒక్కసారిగా అరిచింది. దిగబోయినవాడు అలాగే కూలబడ్డాడు. "నేను సూసేదానికి కదప్పా వచ్చింది," అన్నాడు దీనంగా.

బకెట్ కిందికి దిగాక నాయన మేస్త్రి దగ్గరకు నడిచాడు. "ఏమప్పా, లోడరుతో పాటు శెట్టిని కూడా నువ్వే ఇస్తావా, మేమే చూసుకోవల్లా?"

"వెనక బరువు ఉండాలని కాగితంలో రాసినాము కదన్నా, కౌంటర్ వెయిట్ అని," అన్నాడు మేస్త్రి.

అందరూ నా వైపు తిరిగారు. నేను ఆకాశం వైపు తిరిగాను. మబ్బులేవీ లేవు. అప్పుడు అమ్మ అంది, "పాపను ఎందుకు చూస్తారు? అది చెప్పినట్లే కదా జరిగింది! కౌంటర్ మీద కూచునే బరువునే తెచ్చి ఎనక పెట్టినారు." ముందుగా నవ్వింది శెట్టి మామే. ఆయన నవ్వుకు మడక కూడా ఊగింది.

నవ్వులు తగ్గాక మేస్త్రి ముందు టైర్ల దగ్గర కూర్చుని, అవి అణిగిపోయిన తీరు నాయనకు చూపించాడు. "వెనక రాళ్లు కట్టినా మీ బండికి ఇది ఎక్కువే అన్నా. స్టీరింగు తిరగదు, ముందు ఇరుసు తట్టుకోదు. మీ తమ్ముడు పెద్దదే కావాలంటే తెచ్చినా. మీరు అనంతపురం వాళ్లదే తీసుకోండి." తన సరుకు వద్దని తానే చెప్పిన మనిషికి అమ్మ రాగిముద్ద, ఊరుబిండి పచ్చడి పెట్టి పంపింది. చిన్నాయన రెండు రోజులు బండి ముట్టుకోలేదు. మూడో రోజు తానే బండి వేసుకుని అనంతపురం పోయి, ఆ చిన్న బకెట్ బిగించుకుని వచ్చాడు. వెనక రాళ్లు నింపుకునే ఇనుప పెట్టె కూడా ఉంది. "చిన్నదైనా చురుకు," అన్నాడు, ఆ మాట తానే కనిపెట్టినట్టు.

కుంటలో మొదటి బకెట్ ఎవరు తీయాలన్న దగ్గర అన్నదమ్ములకు మళ్లీ మాట పెరిగింది. నువ్వంటే నువ్వని మర్యాదలు చేసుకుంటూ పొద్దెక్కిస్తుంటే, అమ్మ నన్ను సీటు వైపు తోసింది. "నువ్వు ఎక్కు పాపా. వీళ్లు తేల్చేలోపల వాన వచ్చి పోతాది." చిన్నాయన పక్కన నిలబడి పిడులు చూపించాడు. మొదటి బకెట్ మట్టిని ఎత్తి, ట్రాలీలో పోయబోయి, ట్రాలీకి ఇవతలే పోశాను. రెండోది సగం పడింది. ఆ తర్వాత చెయ్యి కుదిరింది. సాయంత్రానికి నా కనురెప్పల నిండా మట్టే. నాయన గట్టు మీద గొంతుక్కూర్చుని, ఖాళీ అవుతున్న కుంటను నిండిన కుంటను చూసినట్టు చూస్తున్నాడు.

వాన ఆలస్యంగా వచ్చింది గాని వచ్చింది. కుంట సగమే నిండింది. సగమేనా అని కోస్తావాళ్లు అనొచ్చు. మా పల్లెలో ఆ సగాన్ని చూడడానికి పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. నాయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పైకి వచ్చే ఆలోచనే లేకుండా చాలాసేపు ఉండిపోయాడు. బెంగళూరు మాట ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు సీటు మీద కూర్చుని పిడి లాగిన పిల్లకు, ఈ లోకంలో తనకు చేతకాని పని లేదని గట్టి నమ్మకం. ఇప్పుడు నేను ఏ కాగితమైనా రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి చదివి, అయినా సంతకం పెట్టే ముందు ఎవరినైనా అడుగుతాను. తెలివి పెరిగిందనే అంటారు అందరూ. నిజమే కావచ్చు. కానీ ఎప్పుడైనా ఆ మట్టి మొహం గుర్తొస్తే, తప్పు అర్థం చెప్పి కూడా అంత ధీమాగా తలెత్తుకుని కూర్చున్న ఆ పిల్లను ఒక్క పూట అరువు తెచ్చుకోవాలని అనిపిస్తుంది.